మామా నేనూ మోరి తీసిన ఏడాది

మొదటిసారి మోరి నిండినప్పుడు తప్పు నాదే అనుకున్నాను.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. జాకెట్లు, చీరలకు ఫాల్స్, బడి తెరిచే ముందైతే పిల్లల యూనిఫాంలు. దారం పోగులు ఎంత ఊడ్చినా నా చీర కుచ్చిళ్లను పట్టుకుని ఇల్లంతా తిరుగుతాయి. అందుకని పోయినేడు పసుపు సీజన్ మొదట్లో ఒక పొద్దున, వెనక వాకిట్లో బోళ్లు తోమే గచ్చు మీద నీళ్లు దిగకుండా నిలబడిపోతే ఇంకెవరినీ అనుమానించలేదు. నా దారాలు, నా తలవెంట్రుకలు, అంతే అనుకున్నాను.

మాది నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు వైపు చిన్న ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, వెనక మూరెడు వాకిలి. వాకిట్లో ఒక మూల స్నానాల గది, దాని పక్కన గచ్చు, గచ్చు మధ్యలో ఇనుప జాలి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, జాలిలో పడే నీళ్లు మూడూ నేల కింది పైపుల్లో పోయి గోడ వారనున్న ఛాంబర్‌లో కలుస్తాయి. అక్కడి నుంచి గల్లీ మోరిలో పడతాయి. పాయిఖానా పైపు వేరే ఉంది, అంతవరకు నయం.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన పసుపు యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. పసుపు వచ్చే నెలల్లో పొద్దున చాయ్ తాగి పోయినవాడు దీపాలు పెట్టాకే ఇల్లు చేరతాడు. అంగీ నానబెడితే బకెట్లో నీళ్లు పచ్చగా తేలతాయి. మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మూడో మనిషి మా మామ. ఎడపల్లి దగ్గర చెరుకు పండించిన రైతు. ఆ పక్కన చెరుకు తగ్గిపోయి అందరూ వరిలోకి దిగాక ఆయనా దిగాడు. నాలుగేళ్ల కింద మా అత్త చనిపోయింది. పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చాడు.

మామతో నేను మాట్లాడను అంటే కొత్తవాళ్లు పోట్లాట అనుకుంటారు. పోట్లాట కాదు, పద్ధతి. పెళ్లై వచ్చిన రోజే మా అత్త నా కొంగు తల మీదికి లాగి, "మామకు ఎదురుంగ నిలబడకు బిడ్డా, ఎదురు మాట్లాడకు" అని చెప్పింది. ఆయనకు చెప్పాల్సింది అత్తకు చెప్పేదాన్ని. ఆయన చెప్పాల్సింది అత్త నాకు చెప్పేది. అలా ఇరవై ఏళ్లు నడిచింది. అత్త పోయాక మా మధ్య మాటలు మోసే మనిషి లేకుండా పోయింది.

ఆయన వాకిట్లోంచి లోపలికి వచ్చేముందు ఒకసారి దగ్గేవాడు. నేను కొంగు సర్దుకునేదాన్ని. చాయ్ గడప మీద పెట్టి గాజులు చప్పుడు చేసేదాన్ని. తప్పనిసరిగా ఏదైనా చెప్పాలంటే గోడతో చెప్పినట్టు చెప్పుకునేవాళ్లం. "ఇయ్యాల నల్లా రాదట" అని ఆయన తలుపుతో అనేవాడు. "బియ్యం ఒడిసినయి" అని నేను పొయ్యితో అనేదాన్ని. మాట్లాడేటప్పుడు ఆయన తువ్వాల కొస నోటికి అడ్డం పెట్టుకునేవాడు. కోడలి ముందు మర్యాద పాటిస్తున్నాడని అనుకునేదాన్ని.

ఆయనకు జొన్నరొట్టె ప్రాణమని అత్త ఎప్పుడూ అనేది. అత్త లేని లోటు తీర్చే శక్తి నాకెక్కడిది? రొట్టె మాత్రం చేయగలను. రోజూ రెండు పూటలా వేడివేడి రొట్టెలు కొట్టి, కూరతో, పప్పుచారుతో తలెలో పెట్టి వెనక అరుగు మీద ఉంచేదాన్ని. పెద్దమనిషి తింటుంటే కోడలు నిలబడి చూడకూడదు కనుక ముందుగదిలోకి వెళ్లి మిషను తొక్కుకునేదాన్ని. తిన్నాక తన తలె తానే కడిగి బోర్లించేవాడు. ఎన్నిసార్లు చూసినా ఆ తలె అద్దంలా ఉండేది. ఒక్క ముక్క మిగిలేది కాదు. నాకెంత సంతోషంగా ఉండేదో! రెండు రొట్టెలతో మొదలుపెట్టి మూడు చేశాను. తర్వాత నాలుగు.

మనిషి మాత్రం చిక్కిపోతూ వచ్చాడు. కొలతలు తీసుకునే చేతులు కదా, నాకు ముందే తెలిసింది. ఒక ఏడాదిలో రెండుసార్లు ఆయన అంగీలకు పక్కలు పట్టి కుట్టాను. మా ఆయన తీసుకెళ్లి షుగర్ టెస్ట్ చేయించాడు. లేదన్నారు. "అవ్వ పోయిందని రంది పెట్టుకున్నడు" అన్నాడు మా ఆయన. నేనూ అదే నమ్మాను.

నీళ్లు నిలబడిన రోజు నుంచి నాకు తెలిసినవన్నీ చేశాను. మరిగే నీళ్లు పోశాను. బట్టల సోడా వేశాను. వెదురుబద్దతో పొడిచాను. ప్లంబర్‌కు ఫోన్ చేస్తే "రేపొస్తక్కా" అన్నాడు. ఆ రేపు నాలుగు రోజులు సాగింది. నాలుగు రోజులూ మురికినీళ్లు బకెట్లలో ముంచి గల్లీ మోరి దాకా మోశాను. నడుము పట్టేసి మిషను ముందు కూర్చోలేకపోయాను. పెళ్లిళ్ల రోజులు, జాకెట్లు పేరుకుపోయాయి.

బోధన్ రోడ్డు మీద డ్రిల్ మిషన్లు, నిచ్చెనలు, టైల్స్ కోసే మిషన్లు కిరాయికిచ్చే దుకాణం ఒకటుంది. ఐదో రోజు పొద్దున స్కూటీ తీసుకుని అక్కడికి పోయాను. గల్లాపెట్టె దగ్గర తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"చాచా, మోరి తీసే మిషిని కిరాయికుందా?"

"ఉంది. ఎవలు తీస్తరు?"

"నేనే."

ఇంట్లో మగవాళ్లు లేరా అని అడుగుతాడని కాచుకున్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి నా మెడ వంక చూశాడు. తొందరలో కొలతల టేపు మెడలో వేసుకునే వచ్చానని అప్పుడు చూసుకున్నాను.

"బట్టలు కుడతవా బేటీ? అయితె ఫికర్ లేదు. నీ చేతికి సోయి ఉంటది. గిది కండ్లతోని చేసే పని గాదు."

లోపల్నుంచి గుండ్రటి డబ్బా ఒకటి తెచ్చాడు. డబ్బాలో పొడుగాటి ఉక్కు స్ప్రింగు చుట్టి ఉంది. డబ్బాకు ఒక పిడి. పిడి తిప్పితే స్ప్రింగు తిరుగుతూ పైపులోకి పోతుంది. ఇట్లా ఇచ్చి పంపుతాడనుకుంటే లేదు. దుకాణం ముందు పడి ఉన్న ఒక వంకర పైపు ముక్క తీసుకుని దాంట్లో పాతగుడ్డ కుక్కాడు.

"కండ్లు మూసుకో. ఇప్పుడు పెట్టు."

రోడ్డు మీద బస్సులు పోతుంటే నేను కళ్లు మూసుకుని పైపులో స్ప్రింగు దూర్చాను. ఎక్కడో టక్కుమని తగిలి ఆగింది.

"గది బెండు. గోడ తగిలినట్టు గట్టిగ తగుల్తది. ఆడ జోర్ చెయ్యకు, పైపు పలుగుతది. ఆహిస్తా తిప్పుకుంట పో, అదే మల్గుతది."

తిప్పాను. మలుపు తిరిగి ముందుకు పోయింది. ఈసారి ఆగడం వేరేగా ఉంది. బొంతలో సూది ఆగినట్టు మెత్తగా ఆగింది.

"గుడ్డ తగిలింది చాచా."

"తెలిసింది గద! గంతే. ఆడ తిప్పు, జర గుంజు, మళ్ల తిప్పు. చేతులకు గివి తొడుక్కో. పనైనంక స్ప్రింగు మంచిగ కడిగి, ఎండల పెట్టి, నూనె గుడ్డతోని తుడిచి తెచ్చియ్యి."

డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని ఇంటికి వచ్చాను. రబ్బరు చేతితొడుగులు వేసుకుని జాలి ఎత్తి స్ప్రింగు దించుతుంటే వెనక దగ్గు వినపడింది. కొంగు సర్దుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"ప్లంబర్ వస్తడు గద. ఇంకొక దినం ఆగితె ఏమయితది" అన్నాడు మామ, స్నానాల గది తలుపుతో.

"నాలుగు దినాలాయె" అన్నాను, స్ప్రింగుతో.

ఆయన అక్కడే నిలబడ్డాడు. కోడలు మోరి దగ్గర కూర్చోవడం ఆయనకు చిన్నతనంగా ఉందేమో అనుకున్నాను. నేను నా పని చేసుకుపోయాను. కానీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు అది. డబ్బా పట్టుకుంటే స్ప్రింగు పాములా లేచి గచ్చును కొడుతోంది. స్ప్రింగు పట్టుకుంటే డబ్బా దొర్లిపోతోంది. మూడోసారి అది నా మోచేతికి తగిలినప్పుడు మామ ధోతి ఎగగట్టి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నేను పట్టుకుంట. నువ్వు తిప్పు."

నువ్వు అన్నాడు. గోడతో కాదు, నాతో.

ఇక గోడలతో మాట్లాడితే పని సాగదు. "ఆపుండ్రి మామా" అనాలి. "వదలు బిడ్డా, వదలు" అనాలి. మోటబావి తాళ్లు పట్టిన చేతులాయనవి. స్ప్రింగు రెండు అరచేతుల మధ్య నుంచి సాఫీగా జారుతూ లోపలికి పోయింది. "ఎంత పోయింది?" అని అడిగితే "ఆరు మూరలు" అన్నాడు. టక్కుమంది, మలుపు తిరిగింది. మళ్లీ టక్కుమంది, తిరిగింది. తర్వాత మెత్తగా ఆగింది. తిప్పాను. గుంజాం. మళ్లీ తిప్పాను. లోపల ఎక్కడో గుటకేసినట్టు చప్పుడై, గచ్చు మీది నీళ్లన్నీ గిర్రున తిరుగుతూ దిగిపోయాయి. నాకు పెద్దగా నవ్వు వచ్చింది. మామ ముందు నవ్వడం అదే మొదటిసారి.

స్ప్రింగు కొసకు తెల్లటి జిగురుముద్ద, దానికి చుట్టుకుని ఎర్ర దారం, వెంట్రుకలు వచ్చాయి.

"చూడుండ్రి, నా దారాలే" అన్నాను.

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నీ తప్పు ఏం లేదు బిడ్డా" అని లేచి పోయాడు. ఏదో ఊరడింపుకు అన్నాడనుకున్నాను.

గోడ అవతలి నుంచి పక్కింటామె తొంగి చూసింది. "గదేం పని! పిలిస్తె తీసెటోళ్లు లేరా?" అంది. అరుగు మీంచి మామ, "మా ఇంటి మురికి మేం తీసుకుంటె తప్పేంది?" అన్నాడు. ఆమె తల వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత నేను జాగ్రత్త పడ్డాను. తల స్నానాల గదిలో దువ్వుకోవడం మానేశాను. చేతులు కడిగేముందు చీర దులుపుకున్నాను. జాలి మీద పల్చటి గుడ్డ కట్టాను. అయినా నెల తిరిగి పది రోజులు కాకముందే నీళ్లు మళ్లీ నిలబడ్డాయి. మళ్లీ చాచా దుకాణానికి పోయాను.

"దారం పోకుంట గుడ్డ కట్టిన చాచా. అయినా నిండింది."

"అయితె దారం గాదు, ఇంకేదో పోతుంది. పోయినసారి ఏమొచ్చిందో చూసినవా?"

"నీళ్లు పోయినయి గద అని అంత గల్లీల పారేసిన."

"గట్ల చెయ్యకు. ఈసారి వచ్చిన కచరా అంత బకిట్ల ఏసి, నీళ్లు పోసి చూడు. ఏం పోతుందో తెల్వకుంట ఎన్నిసార్లు తీసినా గంతే."

మాటిమాటికి కిరాయికి తెచ్చుకునే కంటే కొనుక్కోవడం మేలని ఆయనే ఒక పాత స్ప్రింగు బాగుచేసి ఇచ్చాడు. డబ్బా సొట్టలు పోయి ఉంది కానీ పిడి బాగా తిరుగుతోంది.

ఆ రోజు మామ ఇంట్లో లేడు. యాసంగి వరికోత మాట్లాడటానికి కౌలుదారు పిలిస్తే పొద్దున బస్సుకే ఎడపల్లి పోయాడు. నేను ఒక్కదాన్నే గడ్డపారతో ఛాంబర్ మూత లేపి, ఆ వైపు నుంచి స్ప్రింగు పెట్టాను. ఒక్కదాన్నే అయినా ఈసారి చేతికి అలవాటైంది. దూరం కూడా తక్కువే. రెండు గుంజులకే ముద్ద ఊడి వచ్చింది. చాచా చెప్పినట్టు బకెట్లో వేసి నీళ్లు పోశాను. పుల్లతో కలిపాను.

జొన్నపిండి నానితే ముద్దవుతుంది. కానీ పెనం మీద మాడిన మచ్చ ఉన్న చోట గట్టిగా నిలుస్తుంది. ఆ నల్ల మచ్చలు చూడగానే గుర్తుపట్టాను. నేను కొట్టిన రొట్టె. ఒకటి రెండు ముక్కలు కాదు, బకెట్లో సగం అదే. వాటి మధ్య చిక్కుడు గింజలు ఉన్నాయి. ఆదివారం వండిన మాంసం ముక్క ఉంది, పంటి గాటు లేకుండా. ఇంత ముక్క జాలి కన్నాల్లోంచి పోదు. అంటే ఎవరో జాలి ఎత్తి వేశారు.

ఇంట్లో అరుగు మీద కూర్చుని తినేది ఒక్కరే.

అక్కడే గచ్చు మీద కూలబడ్డాను. ముందు కోపం వచ్చింది. నాలుగేళ్లుగా పూటపూటకూ వేళ్లు కాల్చుకుని చేస్తున్నాను. బాగాలేదంటే ఒక మాట చెప్పొచ్చు కదా! గోడతోనైనా చెప్పొచ్చు కదా! తలె కడిగి అద్దంలా పెట్టేది ఇందుకా? తర్వాత కోపం పోయి ఏడుపు వచ్చింది. అత్త చేతి రొట్టె తిన్న మనిషికి నా చేతి రొట్టె నోటికి పోలేదన్నమాట అనుకున్నాను. బకెట్ గల్లీలో కుమ్మరించి, గచ్చు కడిగి, స్ప్రింగు ఎండలో పెట్టి, కుట్టుమిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ వంకర పోయింది.

పొద్దు గూకే వేళ ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే నాలుగు రొట్టెలు పెట్టి, పప్పుచారు పోసి ఇచ్చాను. ఎప్పటిలా ముందుగదిలోకి పోలేదు. వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. చూడకూడదని తెలుసు. ఆ రోజు చూడాలనిపించింది.

ఆయన రొట్టె తుంచి పప్పుచారులో ముంచాడు. బాగా నానేదాకా ఆగి నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కళ్లు మూసుకుని చాలాసేపు తిప్పాడు. తర్వాత ఆ ముక్కను మెల్లగా చేతిలోకి తీసుకుని చూసి తలె అంచున పెట్టాడు. ఇంకొకటి తుంచాడు. అదీ అంతే. చివరికి గిన్నె ఎత్తి పప్పుచారు మాత్రం తాగాడు. రొట్టెలన్నీ చిన్నచిన్న ముక్కలు చేసి చెంబునీళ్లలో నానబెట్టాడు. లేచి గచ్చు దగ్గరికి పోయాడు. జాలి ఎత్తేముందు వంటింటి వైపు ఒకసారి చూశాడు. నేనెక్కడ చూస్తానో, చూస్తే ఏమనుకుంటానో అని ఆయన ముఖంలో ఉన్న బెంగ ఇప్పటికీ నాకు కనపడుతుంది. అంతా జాలి కింద వేసి నీళ్లు పోశాడు. తలె కడిగాడు. నోరు పుక్కిలించి తువ్వాల తీసి మూతి తుడుచుకున్నాడు.

ఆ నోట్లో కింద రెండు పళ్లు ఉన్నాయి. పైన, పక్కకు, ఒకటి.

నా పెళ్లైన కొత్తలో ఆయన చెరుకుగడ నోటికి అడ్డం పెట్టి చర్రుమని చీల్చుతుంటే వంటింటి కిటికీలోంచి చూసి జంకాను. బండ్లు నింపే కూలీలు పందెం కాసి ఆయనతో గడలు చీల్పించేవారు. ఆ పళ్లు ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాను, రెండు పూటలా వండి పెడుతున్నాను, ఆయన ముఖం ఒక్కసారి సరిగా చూడలేదు. తువ్వాల అడ్డం పెట్టుకుంటే మర్యాద అనుకున్నాను.

మా ఆయనకు చెప్పలేదు. ఆయన మంచివాడే, కానీ మనసులో మాట ఆగదు. "బాపూ, మోరిల రొట్టెలు ఏస్తున్నవట" అని గట్టిగా అడిగేస్తాడు. అడిగితే మామ ఇక ఈ ఇంట్లో తలెత్తుకుని తిరగలేడు.

మర్నాడు మొక్కజొన్న రవ్వతో మక్కగట్క చేశాను. మెత్తగా ఉడికించి, చల్లచేసి, చిక్కటి మజ్జిగ పోశాను. అరుగు మీద పెట్టి, గోడతో కొంచెం గట్టిగానే అన్నాను. "నాకు పన్ను నొస్తుంది. రొట్టె నమలొస్తలేదు. తక్కువయ్యేదాక అందరికి గట్కనే."

లోపలికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి తలె మీద వేళ్లు గీసిన చప్పుడు వినపడింది. తర్వాత ఆయన గొంతు.

"బిడ్డా, ఇంకింత ఉందా?"

నాలుగేళ్లలో ఆయన మారు అడగడం అదే మొదలు. గిన్నె తీసుకుపోయి వడ్డించి, పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

పది రోజులు మా ఇంట్లో గట్క, అంబలి, మెత్తటి పెసరపప్పు, మెదిపిన అన్నం. "ఇంట్ల ఎవలకన్న పానం బాగలేదా?" అని మా ఆయన విసుక్కున్నాడు. నిజానికి నాకూ రొట్టె లేకుండా పొద్దుపోదు. ఒకరోజు మామ బయటికి పోయాడనుకుని ఒక రొట్టె కొట్టుకుని వంటింట్లో నిలబడి తింటుంటే గడప దగ్గర దగ్గు వినపడింది. ముక్క బుగ్గన పెట్టుకుని, అదే బుగ్గను చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

ఆయన చాలా బాధపడ్డాడు. "గింత వాసిందా! పది దినాలాయె, తక్కువైతలేదు. పా బిడ్డా, దవఖానకు పోదాం. పన్ను నొప్పి ఊకె పోదు. నాకెరికె."

వద్దని ఎలా అనేది? పోవాలనే నాకూ ఉంది. చెప్పులు వేసుకుని స్కూటీ తీశాను. మామ వెనక కూర్చున్నాడు. దారంతా నన్ను తాకకుండా సీటు వెనక కడ్డీ పట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగ, నీ పన్ను అదురుతది" అన్నాడు.

పళ్ల దవాఖానలో జనం నిండుగా ఉన్నారు. మా పక్కన సరిహద్దు అవతల్నుంచి వచ్చినవాళ్లు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. మా వంతు వచ్చింది. లోపల డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది.

"ఎవరికండీ?"

"నా కోడలికి" అన్నాడు మామ.

"ముందు మా మామకు చూడుండ్రి మేడమ్" అన్నాను నేను.

మామ నా వైపు తిరిగాడు. చెయ్యి దానంతటదే తువ్వాల కోసం పోయింది. తర్వాత మెల్లగా అడిగాడు.

"నీకు ఎరికేనా?"

"మోరిల చూసిన మామా. మీరు ఎడపల్లి పోయిన దినం."

డాక్టరమ్మకు ఏం అర్థమైందో గానీ, "రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడుకోండి" అని మమ్మల్ని బయటి బల్ల దగ్గరికి పంపి ఇంకొకరిని పిలిచింది.

బల్ల మీద మామ ఆ చివర, నేను ఈ చివర కూర్చున్నాం. ఆయన నేల చూస్తూ మాట్లాడాడు.

"మీ అత్త పోయినంక ఒక్కొక్కటి ఊడుకుంట వచ్చినయి. ఈ పళ్లతోని గడలు చీల్చినోన్ని. ఇయ్యాల రొట్టె నమలొస్తలేదని ఎవలకు చెప్పాలె? నువ్వు నా కోసమనే రొట్టె కొడ్తివి. ఇయ్యాల రెండు, రేపు మూడు. తింటలేనంటె నీ మనసు నొస్తదని చెప్పలె. గల్లీల కుక్కలకు ఏస్తె, కోడలు పెట్టింది కుక్కలకేస్తుండు అని నలుగురు నిన్నే అంటరు. గందుకే మోరిల ఏసిన. అది నిండి నువ్వు బకిట్లు మోస్తుంటె నా పానం కొట్టుకున్నది. ఆ దినమే చెప్పుదామనుకున్న. నువ్వు నా దారాలే, నా దారాలే అంటివి. చెప్పలేకపోయిన."

"మరి కడుపుకు ఏం తింటున్నరు మామా?"

"హోటల్ల చాయ్, బిస్కిట్. అరటిపండు."

అంగీలకు పక్కలు పట్టిన కుట్లు నా కళ్లముందు కదిలాయి. "మీరు తినకుంట ఉంటె నా మనసు నొయ్యదా?" అన్నాను. ఆయన చెయ్యి చాపి, కొంగు మీంచే నా తల మీద ఒక క్షణం పెట్టి తీసేశాడు.

లోపల ఆయనకు చూసి, మిగిలిన మూడూ తీసేసి కట్టుడు పళ్లు పెట్టొచ్చని చెప్పింది డాక్టరమ్మ. "అయితె పెట్టుండ్రి. ముందుగాల నా కోడలికి చూడుండ్రి, పది దినాలసంది నొస్తుంది" అన్నాడు మామ. ఇంకా నా పన్ను సంగతి అబద్ధమని ఆయనకు తట్టలేదు. నేను కుర్చీలో కూర్చుని నోరు తెరవక తప్పలేదు. ఆమె దీపం వేసి, అద్దం పెట్టి అంతా చూసింది.

"మీ పళ్లకేం కాలేదమ్మా. రాళ్లలా ఉన్నాయి."

మామ నా వంక చూశాడు. విషయం అర్థమయ్యాక తువ్వాల మాట మరిచి గట్టిగా నవ్వాడు. ఆ బోసినోటి నవ్వు చూసి డాక్టరమ్మ నవ్వింది, బయట కూర్చున్నవాళ్లు తొంగి చూశారు.

పళ్లు వెంటనే రాలేదు. చిగుళ్లు మానడానికి, కొలతలకు చాలాసార్లు తిరిగాం. పెట్టాక కూడా మొదట్లో ఆయన ఓర్చుకోలేదు. "గుర్రానికి కళ్లెం పెట్టినట్టున్నది" అని తీసి డబ్బాలో పెట్టేవాడు. అద్దం ముందు నిలబడి చూసుకుని, "ఎవడో వేరేటోడు నవ్వుతున్నట్టున్నది" అనేవాడు. మెల్లమెల్లగా అలవాటైంది. ఇప్పుడు ఒక రొట్టె తింటాడు, బుద్ధి పుడితే ఇంకో సగం. నాలుగు ఎప్పుడూ తినలేదట. అత్త పెట్టినా రెండే తినేవాడట. ఈ మాట అప్పట్లో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన తినేటప్పుడు నేను ముందుగదిలోకి పోవడం మానేశాను. అరుగుకు ఈ పక్క నా తలె పెట్టుకుని కూర్చుంటాను. మొదట్లో ఇద్దరికీ ముద్ద దిగడం కష్టమైంది. ఇప్పుడు ఎడపల్లి ముచ్చట్లు చెబుతుంటే వినడానికే సరిపోతుంది.

మోరి మళ్లీ నిండలేదు. స్ప్రింగుకు మాత్రం పని తప్పలేదు. వానాకాలంలో పక్కింటి వాకిలి నీళ్లతో నిండింది. ఆనాడు గోడ మీంచి నన్ను దెప్పిన పక్కింటామే తలుపు దగ్గర నిలబడి, మొహమాటపడుతూ అడిగింది. "అక్కా, మీ మిషిని ఒకసారి ఇస్తవా?"

"మిషిని ఇస్తె నీకు వస్తదా? మేమే వస్తం" అన్నాడు మామ వెనక నుంచి, ధోతి ఎగగడుతూ.

వాళ్ల వాకిట్లో ఆయన స్ప్రింగు పట్టాడు, నేను పిడి తిప్పాను. "బెండు" అన్నాను. "ఊ, మెల్లగ" అన్నాడు. వాళ్ల మోరిలోంచి కొబ్బరిపీచు, పిల్లల రబ్బరు బొమ్మ ఒకటి వచ్చాయి. చాచా నేర్పినట్టు అన్నీ బకెట్లో వేసి ఆమెకు చూపించాను. నీళ్లు దిగిపోతుంటే ఆమె అంది, "నీ అదృష్టం అక్కా, మీ మామతోని గింత మంచిగ మాట్లాడుతవు." మామా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం.

డబ్బా ఒక చెవి ఆయన, ఒక చెవి నేను పట్టుకుని ఇంటికి వస్తున్నాం. తుంపర పడుతోంది.

"ఇయ్యాల ఏం వండుతవు?" అని అడిగాడు.

"మీరే చెప్పుండ్రి."

కొంచెం ఆలోచించాడు. "వంకాయ వండు. కారం జర తక్కువ ఎయ్యి. మొన్నటి దాంట్ల మస్తు కారమైంది."

నా వంటకు ఇరవై నాలుగేళ్లలో ఆయన పెట్టిన మొదటి వంక అది. సరే మామా అన్నాను.